ముక్కంటి దీవిని ముంచేదెవరు?

“ఈ బందరు పట్టణంలో దూరదృష్టి గలవి రెండే రెండు, హిదాయతూ! ఒకటి మంగినపూడి లైట్‌హౌసు. రెండోది నేను. అందులోనూ లైట్‌హౌసు రాత్రిపూట మాత్రమే పనిచేస్తుంది.”

ఇలా ప్రకటించి, అపరాధ పరిశోధక శిఖామణి గోవర్ధనరావు ఇడ్లీముక్కను తీసుకుపోయి నిండు గాంభీర్యంతో మంచినీళ్ల గ్లాసులో ముంచాడు.

హిదాయతుల్లా చట్నీగిన్నెను ఆయన వైపు జరిపాడు. చిలకలపూడిలో ఆటో నడుపుకునే హిదాయతుల్లాకు ఈ స్నేహం బడి రోజుల నాటిది. ఇక దిద్దుకునే వయసు దాటిపోయింది. సినిమా హాల్లో టిక్కెట్లు చింపే ఉద్యోగం నుంచి విరమించాక, చింపడానికి మరేమీ దొరక్క గోవర్ధనరావు రహస్యాలు ఛేదించడం మొదలుపెట్టాడు. మేక పోయిందని వచ్చిన మొదటి కేసులో ఆ మేక యజమానినే పోలీసు స్టేషనుకు లాక్కెళ్లాడు. రెండో కేసులో, టిఫిన్లమ్మే లక్ష్మీకాంతమ్మగారి ఇనప మూకుడును హత్యాయుధమని అనుమానించి, “మోతను బట్టి నిజం తెలిసిపోతుంది” అంటూ అరుగుకేసి కొట్టాడు. చచ్చిపోయాడనుకున్న పెద్దమనిషి అప్పటికి పెదనలో పెళ్లిభోజనం చేస్తున్నాడు. చీలింది మూకుడొక్కటే. దాన్ని ఆటోలో వేసుకువెళ్లి, చీలిక మీద నెలవంకలాంటి ఇనపముక్క పెట్టించి, మూడు రివెట్లతో మాటు వేయించుకొచ్చినవాడు హిదాయతుల్లాయే.

ఇప్పుడు వారు కూర్చున్నది ఆ లక్ష్మీకాంతమ్మగారి ముందుగదిలోనే.

“ఇంతకీ కేసేమిటండీ, రావుగారూ?”

“మెల్లగా! ఆ సాంబారు బకెట్టు వెనక ఎవరున్నారో ఏమిటో!” గోవర్ధనరావు మెడ ముందుకు సాచాడు. “పొద్దున వీళ్ల కిటికీ కింద మాటు వేశాను. లోపల మన లక్ష్మీకాంతమ్మక్కయ్య మనవరాలు శ్రీదుర్గ ఫోనులో ఏడుస్తోంది. ‘రేపు గుడివాడ హాల్లో వాడు సముద్రాన్ని లేపుతాడే! దీవి మొత్తం మునిగిపోతుంది! నా పేరు కూడా మిగలదు!’ అంటోంది. ఆ పిల్ల ముందు బల్లమీద బొమ్మ. ఏరు రెండు పాయలైంది, మధ్యలో దీవి, కింద సముద్రం. ఏ దీవి అది? చెప్పు!”

“మన దివిసీమలాగే ఉందండీ.”

“లాగే ఏమిటి? దివిసీమే! గుడివాడలో కూర్చుని దివిసీమను ముంచే ముఠా ఒకటి బయల్దేరింది. ఆ అమాయకురాల్ని బెదిరించి పటం గీయించుకున్నారు.”

ఉప్పెన మాటెత్తితే ఇప్పటికీ నవ్వులు ఆగిపోయే సీమ అది. హిదాయతుల్లా కూడా ఒక్కక్షణం నమ్మబోయాడు. మరుక్షణం బుద్ధి తిరిగొచ్చింది.

“పిల్ల లోపలే ఉంది కదండీ. ఓ మాట అడిగితే పోలా?”

“సాక్షిని అడుగుతారటయ్యా? అడిగితే చెప్పేస్తుంది! చెప్పేస్తే ఇక పరిశోధించడానికి మిగిలేదేమిటి?”

హిదాయతుల్లా లేచి, చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లాడు. శ్రీదుర్గ నూతిపళ్లెం దగ్గర కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి.

“ఎవరమ్మా దీవిని ముంచేది?”

“శ్రీహరి అని, నా క్లాస్‌మేటు, తాతయ్యా. మునిగేది కంప్యూటర్లో దీవిలెండి. మీరు కంగారు పడకండి.”

అంత చెప్పాక మిగిలింది ఆగలేదు. కంప్యూటరులో లేని లోకాలు కట్టడం ఆ పిల్లకు పిచ్చి. నలుపు తెలుపుల బొమ్మ ఒకటి ఇస్తే చాలునట. తెలుపున్నచోట కొండ లేస్తుంది, నలుపున్నచోట పల్లమై నీరు నిలుస్తుంది. ఆ పైన ఏళ్లు పారించుకోవచ్చు, అడవులు పెంచుకోవచ్చు, సముద్రాన్ని ఎంత ఎత్తుకు కావాలంటే అంత ఎత్తుకు లేపవచ్చు. గేములు తయారుచేసే కంపెనీ ఒకటి గుడివాడలో పోటీ పెట్టింది. గెలిచినవారికి ఆ కంపెనీలోనే ఉద్యోగం.

“మామ్మ పుట్టిల్లు దివిసీమ కదా. ఏ ఉప్పెనకూ అందని దీవి ఒకటి కట్టాలనిపించింది. ముక్కంటి దీవి అని పేరు పెట్టాను. నా పాత లాప్‌టాప్ మీద కదల్లేదు. శ్రీహరికి మంచి సిస్టం ఉందని ఫైలు వాడికిచ్చా. తర్వాత నాది పూర్తిగా చచ్చిపోయింది. వాడు తన పేరుతో పంపేశాడు. పైగా రేపు స్టేజీ మీద చప్పట్ల కోసం దాన్ని ముంచి చూపిస్తాడట!”

“పోటీ పెట్టిన పెద్దవాళ్లకి చెప్పలేకపోయావా?”

“చెప్పాను. రుజువు తెమ్మన్నారు. మన బందరులో కొండెక్కడుంది తాతయ్యా, చూసి చేయడానికి? మామ్మ కాల్చిన దిబ్బరొట్టె పెచ్చును ఫోటో తీసి, దాన్నే కొండలు చేశాను. ఆ ఫోటో లాప్‌టాప్‌తో పాటే పోయింది.”

“మరి ఆ రొట్టె?”

“తినేశాం. మీరూ తిన్నారు.”

తన జీవితంలో మొదటిసారిగా హిదాయతుల్లా ఒక నేరంలో సాక్ష్యాధారాన్ని నమిలి మింగినవాడయ్యాడు.

తిరిగొచ్చి ఈ కథంతా చెబితే గోవర్ధనరావు జాలిగా నవ్వాడు. “అదంతా ఆ పిల్ల చేత ముఠా చెప్పించిన కట్టుకథ. కంప్యూటర్లో సముద్రమట! తడవని సముద్రం ఎక్కడైనా ఉంటుందా?”

మర్నాడు పొద్దున్నే ఆటో గుడివాడ బయల్దేరింది. వెనక శ్రీదుర్గ, ముందు హిదాయతుల్లా, ఆయన పక్కన ఒంటి తొడ మీద గోవర్ధనరావు. లక్ష్మీకాంతమ్మగారు మనవరాలి తల నిమిరి, “గెలిచినా ఓడినా తల దించకు. దొంగతనం చేసింది నువ్వు కాదు,” అని చెప్పి, మగవాళ్లిద్దరికీ చెరొక స్టీలు డబ్బాలో వేడి దిబ్బరొట్టె పెట్టి ఇచ్చారు. గుడ్లవల్లేరు దాటేసరికే గోవర్ధనరావు మారువేషంలోకి మారాడు. ఎర్రటి ఎండలో మంకీ క్యాప్, మెడకు మఫ్లరు, నల్లకళ్లద్దాలు.

హాలు గుమ్మంలో వాచ్‌మన్ ఎగాదిగా చూశాడు. “జలుబు చేసిందాండీ? ఆవిరి పట్టకపోయారా?”

లోపల అప్పటికే శ్రీహరి వేదిక మీద ఉన్నాడు. వెనక గోడంత తెర. దాని మీద పచ్చటి దీవి, నెలవంకలా వంగిన కొండల వరస, ఆ వంపులో మూడు నల్లటి చెరువులు. ఒక పక్కన, కాగితం పెడితే పెద్దది చేసి తెర మీద చూపించే కెమెరా బల్ల ఉంది. చేత్తో గీసిన నమూనాలు చూపడానికి ఏర్పాటు చేసింది. ముందు వరసలో న్యాయనిర్ణేత సుమతిగారు కూర్చున్నారు.

“ఈ మూడు చెరువులూ నాకు కల్లో వచ్చాయి మేడం,” అంటున్నాడు శ్రీహరి. “ఇప్పుడు నేను సముద్రాన్ని లేపుతున్నాను!”

తెర మీద నీరు కదిలింది. శ్రీదుర్గ కళ్లు మూసుకుంది.

“ఆపరా దుర్మార్గుడా!” ఒక మంకీ క్యాప్ వేదిక మీదికి లంఘించింది. “ఈ గోవర్ధనరావు ఊపిరి ఉండగా దివిసీమలో ఒక్క పిల్లకాలువ కూడా పొంగదు!”

నల్లకళ్లద్దాల్లోంచి నల్లవైరు కనబడదు. కాలు వైరుకు చిక్కింది. మనిషి కెమెరా బల్ల మీద పడ్డాడు. మోచెయ్యి ఏదో బొత్తాన్ని నొక్కింది. చేతిలో డబ్బా మూత ఊడి, దిబ్బరొట్టె గాలిలో ఒక పల్టీ కొట్టి, ఎర్రగా కాలిన పెచ్చు పైకి వచ్చేలా సరిగ్గా కెమెరా కింద కూర్చుంది.

తెర మీద సముద్రం మాయమైంది. దాని స్థానంలో మహాద్భుతమైన ఎర్రటి నేల. నెలవంక కొండలు, వంపులో మూడు నల్లచెరువులు, అన్నీ అవే. హాలంతా చప్పట్లు మోగాయి.

శ్రీహరి తెర వైపు తిరిగాడు. కింద పడినవాణ్ని చూశాడే కాని బల్ల మీదేముందో చూడలేదు. చప్పట్లు వదులుకోవడం అతని చేత కాలేదు.

“ఇది... ఇది అదే దీవి, వేసవికాలంలో! ఒక్కో రాయినీ విడివిడిగా చెక్కాను మేడం. చాలా కష్టపడ్డాను.”

“అద్భుతం!” అన్నారు సుమతిగారు. “నిజంగా తినేయొచ్చు అనిపించేలా ఉంది.”

సరిగ్గా అప్పుడు, పడ్డ నీరసానికి గోవర్ధనరావు చెయ్యి తనంతట తాను సాగింది. తెర మీద ఏనుగంత బొటనవేలొకటి ఆకాశం నుంచి దిగి, దీవి తూర్పుతీరాన్ని తుంచుకుని వెళ్లిపోయింది. కరకరలాడిన చప్పుడు మైకులో హాలంతా వినిపించింది.

చప్పట్లు ఆగాయి.

“అది మా మామ్మ దిబ్బరొట్టె!” శ్రీదుర్గ లేచి నిలబడింది. “నేను ముందే చెప్పాను మేడం. దీవిని ఆ పెచ్చు నుంచే చేశాను. కానీ ఇది ఇవాళ్టి రొట్టె. అవే చెరువులు మళ్లీ ఎలా వచ్చాయో నాకూ...”

హిదాయతుల్లాకు మాత్రం తెలిసిపోయింది. జీవితంలో ఏనాడూ వేదిక ఎక్కని ఆ మనిషి మెట్లెక్కి, తన డబ్బా తెరిచి, తన రొట్టెను మొదటిదాని పక్కన పెట్టాడు. అదే నెలవంక, అవే మూడు చుక్కలు.

“అమ్మా, వాళ్ల మామ్మగారి మూకుడుకు మాటు వేయించింది నేనేనండీ. మాటు ఉన్నచోట ఇనుము మందం, రొట్టె తెల్లగా ఉండిపోతుంది. రివెట్లున్నచోట మాడిపోతుంది. ఆ మూకుట్లో ఏ రొట్టె కాల్చినా ఈ దీవే వస్తుందండీ.”

సుమతిగారు తెర మీద రెండు రొట్టెలనూ పోల్చి చూశారు. తర్వాత లేచి మైకు అందుకుని శ్రీహరి చేతికిచ్చారు. “ఈ దీవి ఎవరిదో చెప్పు. అందరికీ వినపడాలి.”

“శ్రీదుర్గది,” అని గొణిగాడు శ్రీహరి.

“ఇంకోసారి, బాబూ,” అన్నాడు హిదాయతుల్లా మెత్తగానే. “వెనక వరసలో వాళ్లకి అందలేదు.”

అతను గట్టిగా చెప్పాడు. ఆ పేరు పైకప్పు తాకి తిరిగొచ్చేదాకా శ్రీదుర్గ తల ఎత్తుకునే నిలబడింది. సాయంత్రం ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ఉద్యోగపు ఉత్తరం ఆమె ఒళ్లో ఉంది.

“చూశావా హిదాయతూ!” లక్ష్మీకాంతమ్మగారి ముందుగదిలో కూర్చోగానే గోవర్ధనరావు మఫ్లరు సవరించుకున్నాడు. “నేను మాటు వేస్తే కేసు తేలాల్సిందే!”

“తేల్చింది మూకుడుకు వేసిన మాటండీ,” అన్నాడు హిదాయతుల్లా.

శ్రీదుర్గ పగలబడి నవ్వి, గోవర్ధనరావు వైపు తిరిగింది. “ఆ నెలవంక కొండలకి గోవర్ధనగిరి అని పేరు పెడతాను తాతయ్యా! మీరు మూకుడు పగలగొట్టకపోతే కొండే లేదుగా!”

“నా మూకుడు పగలగొట్టినవాడికి కొండ బహుమానమా?” లక్ష్మీకాంతమ్మగారు గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చారు. “న్యాయం అంటే అట్లా ఉండదమ్మా. కొండ పేరు ఉండనీ. కానీ వారం రోజులు ఆ కొండే మా ఇంట్లో పిండి రుబ్బుతుంది.”

గోవర్ధనరావు ఆ తీర్పును విన్నట్టు లేదు. ఆయన కళ్లు పొయ్యి మీది మూకుడు మీదే నిలిచి ఉన్నాయి. దూరదృష్టి మెల్లగా వెలుగుతోంది.

“అక్కయ్యా, ఒక్క చీలికకే ఒక దీవి వచ్చిందంటే... ఇంకొక్క దెబ్బ, మెల్లగా వేస్తే...”

హిదాయతుల్లా లేచి, వేడి మూకుడును గుడ్డతో పట్టుకుని, తీసుకెళ్లి ఆటోలో పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.