మూడో అర అంతరార్థం

వీధి సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా, కీర్తిశేషురాలైన వదినమ్మగారి ఇనుప స్టాండును ఇకమీదట వీధి ఉమ్మడి ఆస్తిగా పరిగణించి, సంఘం గదిలో అద్దాల పెట్టెలో భద్రపరచవలెను. వదినమ్మ భర్త, తాళాలు బాగుచేసే ఆయన, ఆ సమావేశంలో చివరి బెంచీ మీదే ఉన్నాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ప్రశ్నలతో విసిగించకూడదన్న మర్యాద ఆ వీధికి మొదటినుంచీ ఉంది.

ఇక స్టాండు సంగతి. పక్కటెముకల మాంసాన్ని పలకలుగా కోసి బొగ్గుల పొయ్యి మీద పరిస్తే రెండు పలకలకే చోటు చాలదు. పైగా కింద మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. అదే ఈ స్టాండు కమ్మీల మధ్య ఉన్న అయిదు అరల్లో పుస్తకాల్లా నిలబెట్టి మూత వేస్తే అంత చోటులోనే అయిదు పలకలు పడతాయి, పొగ రెండు వైపులా సమానంగా తగులుతుంది. వీధి విందుకు ఏటా వదినమ్మ చేసేది ఇదే. కిందటేడు మాత్రం మూడో అర ఖాళీగా వదిలేసి నాలుగు పలకలే నిలబెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరి నోళ్లూ నిండి ఉన్నాయి.

ఆమె పోయాక అందరికీ ఆ ఖాళీ గుర్తొచ్చింది. సంస్మరణ సభలో రెండు నిమిషాల మౌనాన్ని, విందుకు బొగ్గులు రాజుకున్నాయన్న కబురు రాగానే కొంత కుదించి, అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"నిండిన అరలు నిటారుగా నిలబడితే, ఆ ఖాళీ అర కమ్మీలు చూడండి, తల వంచుకున్నాయి. అదీ వినయమంటే. విందుకు రాలేనివాళ్ల కోసం వదినమ్మ ఒక చోటు అట్టేపెట్టింది."

ఎదురింటి దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. పొగ కూడా కొంత కారణం.

అసలు సంగతి తాళాలాయనకు తెలుసు. కిందటేడు విందు మొదలయ్యే ముందు, తువ్వాలు కప్పి కుర్చీలో పెట్టిన ఆ స్టాండు మీద, ఉపన్యాసం ముగించిన అధ్యక్షుడు వెనక్కి చూడకుండా కూర్చున్నాడు. మళ్లీ అంతే హుందాగా లేచాడు. కుర్చీ ఎలా ఉందన్న పట్టింపు ఆయనకు ఎన్నడూ లేదు, దొరికితే చాలు. ఆ రాత్రి వంగిన కమ్మీలు సరిచేద్దామని భర్త పట్టకారు తీస్తే వదినమ్మ ఆపింది.

"ఉండనివ్వండి. చూసినప్పుడల్లా నవ్వొస్తోంది."

ఆసుపత్రి మంచం మీద కూడా, "అధ్యక్షులవారు ఇంకా అలాగే వంగి ఉన్నారా?" అని అడిగి నవ్వేది. ఆ నవ్వుకు ఇప్పుడు ఇంట్లో మిగిలిన గుర్తు ఆ వంకర ఒక్కటే.

వీధిలో మాత్రం వినయం జోరుగా పెరిగింది. ఇంటింటా స్టాండు కొని, మూడో అర వంచిపెట్టమని తాళాలాయన దగ్గరికే తెచ్చారు. వంపులో భక్తి చాలలేదని కొందరు వాపసు తెచ్చారు. తెలియక మూడో అరలో మాంసం పెట్టిన ఓ కొత్త కోడలికి సంఘం సంజాయిషీ నోటీసు ఇచ్చింది. విందులో అయిదో వంతు మాంసం తగ్గింది గానీ, ఎవరూ పైకి అనలేదు.

అద్దాల పెట్టె ప్రారంభోత్సవం నాడు తాళాలాయన లేచాడు.

"అది వినయం కాదండీ. కిందటేడు మీరు దాని మీద కూర్చున్నారు. కుర్చీలో తువ్వాలు కప్పి ఉంది, చూసుకోలేదు. మా ఆవిడ తలుచుకుని నవ్వుకునేది. దాన్ని నాకు ఇచ్చేయండి."

సంస్మరణ సభలో బాకీ పడ్డ మౌనం ఆ రోజు పూర్తిగా తీరింది.

ముందు తేరుకున్నది కార్యదర్శి. అంతటి తత్వానికి మూలపురుషులు సాక్షాత్తూ మన అధ్యక్షులవారేనని ఇన్నాళ్లూ గ్రహించలేకపోయినందుకు సంఘం తరఫున విచారం వెలిబుచ్చాడు. తీర్మానం అక్కడికక్కడే సవరించారు. స్టాండు కేవలం నిమిత్తమాత్రం గనుక యజమానికి వాపసు. పెట్టెలోకి ఆ కుర్చీ వెళ్లింది. వదినమ్మ పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం తాళాలాయన వాకిట్లో పొయ్యి వెలిగించి, మూడో అర వదిలి నాలుగు పలకలు నిలబెట్టాడు. చంకలో కొత్త స్టాండుతో దర్జీ ఆగాడు.

"అన్నయ్యా, అధ్యక్షులవారింటి ముందు వరస అప్పుడే మన గుమ్మం దాకా వచ్చేసింది. తొందరగా రండి, మీ స్టాండు మీద కూడా ఆయన్ను ఓసారి కూర్చోబెట్టుకుందురుగాని."

"మాది ఎప్పుడో అయిపోయిందయ్యా," అన్నాడు తాళాలాయన. ఆమె పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

దర్జీ వెళ్లి వరసలో చేరాడు. ఒకరి వెనక ఒకరు, పుస్తకాల్లా నిలబడ్డారు జనం. అలా నిలబెడితే తక్కువ చోటులో ఎక్కువమంది పడతారు, పొగ రెండు వైపులా సమానంగా తగులుతుంది. పొయ్యి ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.