అటక ముందు జెండా

కళ్లజోళ్ల దుకాణంలో పగలంతా అందరి చూపూ సరిచేసే మహారాజుగారికి ఇంట్లో పని మాత్రం కంటికి ఆనదు. మహారాజు అనే బిరుదు భార్య ఇచ్చిందే. ఆయన సెల్‌ఫోన్‌లో ఒక రాజ్యం ఏలుతున్నాడు మరి.

ఆ ఆటలో రాజు కోట గుమ్మం దాటడు. గుహలో భూతం ఉందంటే గుహ ముందు జెండా పాతించి బహుమానం ప్రకటిస్తాడు. నచ్చిన వీరుడు వెళ్లి పని ముగించుకొస్తాడు. రాజు ఎవరినీ ఆజ్ఞాపించకూడదు. ఎవరూ కదలకపోతే బహుమానం పెంచాలి, అంతే. ఇంత హాయైన పరిపాలన ఇంకోటి లేదని రోజూ భోజనం దగ్గర భార్యకు వివరించేవాడు. ఆమె ఊకొడుతూ వడ్డించేది.

ఆ ఆదివారం సాయంత్రం అత్తగారు వస్తున్నారు. ఆవిడ పడుకునే పరుపు అటక మీద ఉంది. అక్కడే బొద్దింకలూ ఉన్నాయి. బొద్దింకను చూస్తే మహారాజుకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ సంగతి దాచడానికి పెళ్లైనప్పటి నుంచీ నడుంనొప్పి పేరు చెప్పి నెట్టుకొస్తున్నాడు. అల్లుడు పులి అని అత్తగారి నమ్మకం. ఆ పరువు ఇప్పుడు అటకెక్కి కూర్చుంది.

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మహారాజు ఆమె మిషను కింద పడున్న ఎర్రగుడ్డ పీలికను చీపురుపుల్లకు చుట్టి, అటకకు ఆనించిన నిచ్చెనకు కట్టాడు. పరుపు దించినవారికి వేడివేడి టీ అని ప్రకటించి కుర్చీలో కూలబడ్డాడు.

మిషను ఆగలేదు. వారం పాటు అంట్లు తోముతానన్నాడు. మిషను ఇంకాస్త జోరందుకుంది. నెలంతా తోముతానన్నాడు. ఆమె సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది.

"నీకు వినబడటం లేదా?"

"వినబడుతోందండీ. వీరులు తొందరపడరని మీరేగా చెప్పారు."

అత్తగారి బస్సు వచ్చే వేళైంది. గతిలేక, ఏది కోరితే అదిస్తానని మాటిచ్చేశాడు.

ఆమె చటుక్కున లేచి నిచ్చెన ఎక్కి, పరుపు దించి, చెయ్యి చాపింది.

"ఆ ఫోనూ ఆ కుర్చీ ఇటివ్వండి. ఈ పూట రాజ్యం నాది."

రాజు మాట తప్పకూడదు కదా, ఇచ్చాడు. ఆమె పరుపును నిచ్చెన కిందే పరిచి, తీరిగ్గా కుర్చీలో కూర్చుంది.

"దిండు పైనే ఉండిపోయింది. తెచ్చిన వీరుడికి బహుమానం ఏమిటంటే, బొద్దింకల సంగతి మా అమ్మకు చెప్పను."

ఎప్పుడు తెలిసిందని ఆయన నీళ్లు నమిలాడు.

"పెళ్లైన కొత్తలో స్నానాల గదిలోంచి సబ్బు నురగతోనే వీధి గుమ్మం దాకా పరిగెత్తారే, ఆ రోజే."

ఇన్నేళ్లూ నడుం ఎలా ఉందని అడుగుతూనే, అటక తనే ఎక్కి దిగిందన్నమాట. ఆయనకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు భార్య మీద బోలెడు ముద్దూ వచ్చింది. ఆ ఊపులోనే నిచ్చెన ఎక్కేశాడు.

దిండు చేతికందింది. దాని వెనక రెండు మీసాలు కదిలాయి. మహారాజు మెట్లు దిగే ఓపిక పట్టలేదు. దిండుతో సహా దూకి పరుపు మీద పడ్డాడు. అది అక్కడే ఎందుకు పరిచిందో అప్పుడర్థమైంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు సంచీతో గుమ్మంలో నిలబడ్డారు. బోర్లా పడున్న అల్లుణ్ణి చూసి, ఏమైందని కూతుర్ని అడిగారు.

రాణిగారు ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏం లేదమ్మా. పరుపు నీకు మెత్తగా ఉంటుందో లేదో చూస్తున్నారు."