కృపాదానం కాలి బెణుకు

శనివారం పొద్దున కృపాదానం పొడుగు ప్యాంటు, మందపాటి సాక్సు వెతికి పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రం కెనడాలో, ఒషావాలోని తన ఇంట్లో ప్రార్థన కూటం ఉంది. తాగి కారు నడిపినందుకు కోర్టు జైలుకు బదులు అతని చీలమండకు ఒక యంత్రం తగిలించింది. చెమటలో మద్యం కనబడితే అది ఆఫీసుకు కబురు పంపుతుంది. పట్టుబడితే జైలే. ఈ సంగతి సంఘంలో భార్య జెస్లిన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"మోకరిస్తే ప్యాంటు పైకి పోద్దండీ," అంది జెస్లిన్. "కాలు బెణికిందని చెప్పి కుర్చీలో కూర్చోండి."

సాయంత్రం కూటానికి వచ్చినవాళ్లకు అలాగే చెప్పాడు. అది విని బాలకుమారి ఆంటీ సంచిలోంచి తైలం సీసా తీసింది. సంఘంలో తాగుడుకు వ్యతిరేకంగా ప్రసంగించేది ఆమే. బీరు వాసన వచ్చిందని కిందటేడు ఇద్దరిని కూటం నుంచి పంపించింది కూడా.

"వద్దాంటీ, తగ్గిపోయింది."

"కుంటుతా తగ్గిందంటావేంటయ్యా? కాలు ఇటు పెట్టు." ఆమె సాక్సు కిందికి లాగింది. "ఇదేంటి?"

"ఫిజియోథెరపీ మిషనాంటీ."

"నా మోకాలిక్కూడా పనిచేస్తదా?" అన్నాడు ఆమెను కారులో తీసుకొచ్చిన డేవిడ్‌సన్.

ఆంటీ యంత్రం చుట్టూ, దాని కిందా తైలం రుద్దింది. కాసేపటికి యంత్రం వణికింది.

"చూశావా, నరం కదులుతంది," అంది ఆంటీ.

కృపాదానం ఫోన్ మోగింది. కాలి దగ్గర మద్యం నమోదైందని పర్యవేక్షణ అధికారి చెప్పాడు. తాగలేదని, తైలం రాశారని కృపాదానం అన్నాడు. రాసిన మనిషి అందులో ఏముందో చెప్పాలి, లేకపోతే పోలీసులను పంపుతానన్నాడు అధికారి. అతని మాటలు విని గదిలో అందరికీ యంత్రం సంగతి అర్థమైంది. అధికారి అడిగింది చెప్పి కృపాదానం ఫోన్ ఆంటీ ముందు పెట్టాడు. ఆమె సీసా మూత బిగించి సంచిలో పెట్టేసుకుంది.

"ఆంటీ, ఆయన్ని జైల్లో పెడతారు," అంది జెస్లిన్.

ఆంటీ ఫోన్ తీసుకుని, అది బ్రాందీ అని, కర్పూరం కలుపుతానని, రాయడమే తప్ప తాగనని ఇంగ్లీషులో చెప్పింది. అధికారి రాసుకుని, పోలీసులను పంపనన్నాడు.

కృపాదానాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"సంచిలో బ్రాందీ పెట్టుకునేనా ఇన్నాళ్లూ మాకు నీతులు చెప్పారు?" అన్నాడు డేవిడ్‌సన్. కూటం పాట లేకుండా ముగిసింది. అతను ఆంటీని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయాడు.

కృపాదానం లైసెన్సు కోర్టు తీసేసుకుంది, జెస్లిన్‌కు డ్రైవింగ్ రాదు. ఆంటీని బస్సులో ఇంటి దగ్గర దింపడానికి కృపాదానం ఆమెతో స్టాప్ దాకా నడిచాడు. మంచు పడుతోంది.

"బెణుకు కూడా అబద్ధమేనా?" అంది ఆంటీ.

"అవునాంటీ."

"సగం సీసా పోయించావు."

ఇద్దరూ బస్సెక్కగానే డ్రైవర్ బ్రాందీ వాసన పట్టి, తాగి కారు తీయకుండా బస్సులో వచ్చినందుకు ఇద్దరినీ మెచ్చుకున్నాడు.