నీటికుక్కకు మోటారుకారు చేసిన మేలు

కొల్లేటి పిట్టలకూ జంతువులకూ ఈ రోజుల్లో నిజమైన ఆప్తుడు మోటారుకారు! నవ్వకండి. ఈ మాట నేను బాగా ఆలోచించి, ఒళ్ళు నొప్పులు తగ్గాక, స్థిమితంగా రాస్తున్నాను.

పూర్వం ఏమయ్యేది? వేటగాడు తెల్లవారకముందే లేచి, తాటిదోనెలో నక్కి కూర్చుని, తుంగచాటున చేరి, పరజబాతులను డజన్ల లెక్కన కొట్టుకుపోయేవాడు. పాపం, వాటికి ముందుగా చెప్పేదెవరు? ఇప్పుడో! పెద్దమనిషి మోటారెక్కి ఏలూరు దాటకముందే దాని దగ్గు లంకగ్రామాల దాకా వినిపిస్తుంది. హారను సరేసరి. వెనక లేచిన దుమ్ము చూసి గూడబాతు ‘ఎవరో వస్తున్నారు’ అని గ్రహించి, పిల్లాజెల్లాతో అవతలి ఒడ్డుకు చేరుకుంటుంది. శిస్తు జమాబందికి వచ్చే అధికారులైనా ఇంత ముందుగా కబురు పంపుతారా?

మనుషులకు మాత్రం మేలు తక్కువా? జన్మలో ఫర్లాంగు నడవని పెద్దమనుషుల చేత మైలున్నర నడిపిస్తుంది, అదీ తనను వెనకనుంచి తోయిస్తూ! ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో వైద్యం చదవకుండానే తెలియజేస్తుంది.

ఇలాంటి యంత్రాన్ని తిడతారేమిటండీ? ‘మోటార్ల మోత వల్ల ఒక్క జంతువూ కంటపడటం లేదు’ అని మొన్న ఒక పాఠకుడు వాపోయారు. చూడాలన్న తహతహ మనది గాని, కనిపించవలసిన అవసరం జంతువుకేముంది?

నా వాదానికి స్వానుభవమే ఆధారం. అది చెప్పాలంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

నిరుడు చలికాలంలో ఈ పత్రికలో ఇదే శీర్షిక కింద నేను కొల్లేటి నీటికుక్క గురించి రాశాను. దాన్ని కళ్ళారా చూశానని రాశాను. దాని మీసాలూ, పొట్టి కాళ్ళూ, ఉడతకున్నట్టు కుచ్చుగా ఉన్న తోకా, అది నా ఎదుటే చేపను పట్టుకుని తిన్న తీరూ వర్ణించాను. చాలామంది మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అది రాస్తున్నప్పుడు నేను ఏలూరులో మా వసారాలో, పడకకుర్చీలో, కంబళి కప్పుకుని ఉన్నాను. నీటికుక్క మాట అటుంచండి, ఆ ఏడు నేను కొల్లేరునే చూడలేదు!

ఈ ఏడు కార్తీకం వెళ్ళగానే తాడేపల్లిగూడెం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవారు జ్ఞానయ్య మాస్టారు. అక్కడి మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి విరమించారు. “ముప్ఫై ఏళ్ళూ పిల్లలకు నీటికుక్క పాఠం చెప్పానండి. పుస్తకంలో బొమ్మే గాని దాన్ని చూసి ఎరగనండి. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయండి. పై నెలలో ఆపరేషను. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారండి. ఈలోగా తమరు చూసిన చోటు నాకొకసారి చూపిస్తే చాలండి” అని రాశారు.

తమరు చూసిన చోటు! మా వసారా చూపించనా?

నిజం రాసేద్దామని రెండుసార్లు కాగితం తీశాను. రెండుసార్లూ నా పేరు, నా పరువు, నా వ్యాసం మెచ్చుకున్నవారి మొహాలు గుర్తొచ్చాయి. మూడోసారి ‘తప్పక దయచేయండి’ అని రాసి పడేశాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సిగ్గుపడ్డాను, నిజంగానే. కాని సిగ్గుపడినంత మాత్రాన ఉత్తరం వెనక్కి రాదు గదా!

క్రిస్మసు వెళ్ళిన నాలుగోరోజు తెల్లవారుజామున మాస్టారు ఏలూరులో రైలు దిగారు. సన్నగా, పొడుగ్గా, తెల్లటి కోటుతో ఉన్నారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది ఆయన భార్య సలోమమ్మగారు. ఆమె రెండో చేతిలో పెద్ద క్యారేజీ. నేను వరదానం అనే డ్రైవరు చేత బాడుగ మోటారు తెప్పించాను. మా ప్లీడరు అచ్యుతరావుగారి దుర్భిణి అరువు తెచ్చి మెడలో వేసుకున్నాను. దుర్భిణి మెడలో ఉంటే ఏమీ తెలియనివాడు కూడా తెలిసినవాడిలా కనిపిస్తాడు. ఆ రోజుకు నాకు కావలసింది అదే.

మంచులో బయలుదేరాం. శ్రీపర్రు దారిలో మోటారు ఒకచోట బురదలో దిగింది. నేనూ వరదానమూ దిగి తోశాం. నాకు ఆ పూట మొట్టమొదట దర్శనమిచ్చిన వన్యప్రాణి జలగ. ఎడమ పిక్క మీద, దుర్భిణి అవసరం లేకుండా, స్పష్టంగా!

గట్టు మీద మోటారు ఆపించి, వరదానాన్ని దాని దగ్గరే ఉంచి, రెండు తాటిదోనెలు జతకట్టిన సంగడి ఎక్కాం. దాన్ని గెడకర్రతో నడిపేవాడు పెద్దిరాజు. పుట్టి పెరిగింది లంకలోనే. మంచు విడుతోంది. నీరు కదలడం లేదు. అంత ప్రశాంతమైన ఉదయం నా జీవితంలో చూడలేదు. ఆ సంగతి వెంటనే పైకి అన్నాను.

అనడంతో ఆగానా? మాస్టారికి నీటికుక్క స్వభావం వివరించడం మొదలుపెట్టాను. “దానికి నిశ్శబ్దం ప్రాణమండీ! పుల్ల విరిగిన చప్పుడైనా చాలు, మాయమైపోతుంది. మనం మాట్లాడకూడదు. ఎందుకు మాట్లాడకూడదంటే...” అని ఎందుకు మాట్లాడకూడదో అరగంట చెప్పాను. గొంతు తగ్గిస్తే మాస్టారికి వినపడదేమోనని కాస్త పెంచాను కూడా. మాస్టారు ప్రతిమాటకూ “చిత్తమండి” అంటున్నారు. పెద్దిరాజు మాత్రం గెడ వేస్తూ నావైపు ఒకసారి చూసి, మళ్ళీ నీటివైపు చూసుకున్నాడు.

ఒకచోట అతను గెడ ఆపి వేలు చూపించాడు. “అదిగోనండి. ఆ కిక్కిస గడ్డి మొదట్లో. కదలకండి.”

అదృష్టం కొద్దీ నా వ్యాసం నిజం కాబోతోంది! దుర్భిణి తీసి మాస్టారికి అందించాను.

“అబ్బే, ముందు తమరు చూడండి. ఎరిగినవారు. అదేనో కాదో తమరు చెప్పాలండి” అన్నారు ఆయన.

“ఎంత మాట! పెద్దవారు మీరుండగా నేను చూడటమేమిటండీ?”

“కాదండీ, దుర్భిణి తమరిది గదండీ.”

“నాది కాదండీ, అచ్యుతరావుగారిది. మీరు కానివ్వండి.”

“పోనీ సలోమీ, నువ్వు చూడు” అన్నారు మాస్టారు.

“అయ్యో, పెద్దలు చూడకుండా నేనా? ముందు వారిని చూడనివ్వండి” అన్నారు ఆమె.

ఏవండీ, మన గోదావరి జిల్లాలవారి మర్యాదకు ఏమి తక్కువ? ఆ దుర్భిణి మా ముగ్గురి చేతుల్లోకీ వెళ్ళి, ‘నువ్వు చూడవయ్యా’ అంటే పెద్దిరాజు దాకా కూడా పోయి, తిరిగి నా చేతికి వచ్చింది. అప్పుడు చూశాను. కిక్కిస ఊగుతోంది. కింద నీటిలో గుండ్రటి అల ఒకటి మిగిలింది. ఏదో జంతువు మా మర్యాదలు పూర్తయ్యేదాకా ఉండలేక వెళ్ళిపోయింది.

“మోటారు చప్పుడు!” అన్నాను వెంటనే. “ఆ దిక్కుమాలిన మోటారు చప్పుడుకు బెదిరిందండీ!”

“అయ్యుంటుందండి” అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. శుక్లాల వల్ల నీరు కారుతుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

మధ్యాహ్నం ఒక లంక పక్కన సంగడి ఆపి, సలోమమ్మగారు క్యారేజీ విప్పారు. పులిహోర, అరిసెలు, కజ్జికాయలు. వేటలో జంతువు దొరక్కపోతే మనిషి ఏం చేస్తాడు? తింటాడు. నేను ఎనిమిది అరిసెలు తిన్నాను. ఎన్ని తిన్నానో చెప్పవలసిన అవసరం లేదు గాని, తరువాతి సంగతికి అదే కారణం. ఎండ నులివెచ్చగా తగిలింది. సంగడి మెల్లగా కదిలింది. ‘నీటికుక్క ఓపిక’ అనే విషయం మీద మాట్లాడుతూ మాట్లాడుతూ, వాక్యం మధ్యలో నిద్రపోయాను.

లేచేసరికి పొద్దు వాలుతోంది. సంగడి గట్టువైపు తిరిగింది. ముగ్గురి మొహాలూ వెలిగిపోతున్నాయి. మాస్టారి చెంపల మీద నీటి చారలు. ఈసారి శుక్లాల మీదికి తోసెయ్యలేకపోయాను.

“చూశామండీ” అన్నారు ఆయన. “నాలుగండీ! తల్లీ, మూడు పిల్లలూ. గెడకర్రంత దూరంలోకి వచ్చేశాయండి. దుర్భిణి అక్కర్లేదండీ, ఈ కళ్ళతోనే చూశాను. ఒకటి వెల్లకిలా పడుకుని చేప తిందండి. గంటసేపు ఆడుకున్నాయి. ఇంక ఆపరేషను ఎలా జరిగినా నాకు చింత లేదండి.”

నిజం చెబుతున్నాను, ఆ మాట విని నాకు ఎంతో సంతోషమైంది. దాని వెనకే కడుపులో మంట కూడా పుట్టింది.

ఆయన కాస్త ఆగి, చాలా మెల్లగా అన్నారు. “తోక మాత్రం కుచ్చుగా లేదండి. నున్నగా, చివరికి సన్నంగా ఉంది. తమరు చూసినది వేరే జాతి అయి ఉంటుందండి.”

పాఠకులారా, నన్ను నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది! నా అబద్ధానికి ఆయన స్వయంగా ఒక కొత్త జాతిని సృష్టించి, దాన్ని నాకు బహుమానంగా ఇచ్చి, చేతులు జోడించారు. నేను తలవంచుకుని, “వేరే జాతి లేదండి మాస్టారూ, నేను ఏ జాతినీ చూడలేదు. ఇంట్లో కూర్చుని రాశాను” అన్నాను. ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. “పోనివ్వండి, తమరు రాయబట్టే గదండీ నేను వచ్చాను” అన్నారు.

అంతా బాగానే ఉంది. ఒక్క సందేహం మాత్రం నన్ను తొలిచేస్తోంది. ఆపుకోలేక అడిగాను. “మరి గంటసేపు ఆడుకుంటుంటే నన్ను లేపలేదేమండీ?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్యాదకు మళ్ళీ ముందు ఎవరు చెప్పాలన్న తర్జనభర్జన. చివరికి సలోమమ్మగారు కొంగు సర్దుకుని, ఎంతో మెత్తగా చెప్పారు. “లేపుదామనే అనుకున్నామండి. లేస్తే తమరు మాట్లాడతారేమోనని భయమేసిందండి.”

పెద్దిరాజు గెడ వేస్తూ, నీటివైపే చూస్తూ, “మోటారు చప్పుడుకి అవి ఎప్పుడో అలవాటుపడిపోయాయండి, బాబుగారూ” అన్నాడు.

గట్టు మీద మోటారు, పొద్దుటినుంచీ నిలబెట్టినచోటే, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడి ఉంది. దాని పక్కన నాలుగు కొంగలు నింపాదిగా మేస్తున్నాయి. నేను దిగగానే ఎగిరిపోయాయి.

ఇదండీ సంగతి. పైన మోటారుకు కట్టిన బిరుదులన్నీ న్యాయంగా ఎవరికి చెందాలో మీకు అర్థమయ్యే ఉంటుంది. కొల్లేటి జంతువులను వేటగాళ్ళ నుంచీ చూడవచ్చినవారి నుంచీ కాపాడేవాణ్ణి నేనే!

కాని నాకూ దాన్ని చూడాలని ఉంది. నిజంగా ఉంది. పై ఆదివారం మళ్ళీ వెళుతున్నాను, ఒక్కణ్ణే. పెద్దిరాజు ఒక షరతు మీద తీసుకువెళతానన్నాడు. ఆ షరతేమిటో మీకు వివరంగా చెబుదామని కలం ఎత్తాను గాని, ఆగిపోతున్నాను. ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి గదా!