ఒక్క పూటలో మూడు నెలల షుగరు

సోమవారం పొద్దున మహాదేవప్ప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి షుగర్ డాక్టరు దగ్గరికి పోవాలి, కాగితం మీద సంతకం చేయించుకోవాలి, పన్నెండింటికల్లా తిరిగొచ్చి గిర్నిలో కూర్చోవాలి. జహీరాబాద్ మార్కెట్ వెనక సందులో ఇరవై ఆరేళ్లుగా పిండి గిర్ని నడుపుతున్న మనిషికి ఒక సంతకం ఏపాటి పని?

ఆ సంతకం వెనక మాత్రం పెద్ద గొడవే ఉంది. మహాదేవప్ప కుడికంట్లో పొర వచ్చింది. కిందటి నెల మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒకావిడ జొన్నల్లో ఇంకొకావిడ గోధుమలు పోసి, రెండూ కలిపి మెత్తగా ఆడించి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. ఈ శుక్రవారం కంటి ఆపరేషన్‌కు తేదీ దొరికింది. షుగర్ అదుపులో ఉందని డాక్టరు రాసిస్తే తప్ప కన్ను ముట్టుకోమని కంటి ఆసుపత్రివాళ్లు ఖరాఖండిగా చెప్పారు. ఈ తేదీ తప్పితే మళ్లీ దసరా దాటాకే. అంతవరకూ ఆగే ఓపిక అతని భార్య పార్వతమ్మకు లేదు.

"శుక్రారం ఆపరేషన్ గాకపోతే గిర్ని తాళంచెవి మా తమ్మునికిస్త. నువ్వు ఇంట్ల కూసోని టీవీ ఇను," అనేసింది.

తమ్ముడంటే వీరేశ్. కోహీర్‌లో మూడు దుకాణాలు తెరిచి మూడూ మూసినవాడు. గిర్ని వైపు చూసినప్పుడల్లా అతని కళ్లు మెరవడం మహాదేవప్ప ఒంటికన్నుతోనే కనిపెట్టాడు.

ఇక మిగిలింది నీలం అట్ట పుస్తకం. మూడు నెలల కిందట డాక్టరు దాన్ని ఇచ్చి, రోజూ పరగడుపున వేలు పొడిచి మీటరులో చూసుకొని, తేదీ వేసి అంకె రాయమన్నాడు. మహాదేవప్ప నాలుగు రోజులు రాశాడు. ఐదో రోజు మీటరు రెండువందల నలభై మూడు చూపించింది. ఆ అంకె అతనికి నచ్చలేదు. మీటరును అటక మీద పడేసి, "నా షుగర్ నాకు తెల్వదా?" అనుకొని ఊరుకున్నాడు.

పార్వతమ్మ గిర్ని ఊడవడానికి వెళ్లగానే పుస్తకం ముందేసుకొని కూర్చున్నాడు. ఆషామాషీగా రాసే రకం కాదు. అన్నీ మంచి అంకెలే వేస్తే అనుమానం వస్తుందని మధ్యమధ్యలో ఎగుడుదిగుళ్లు పెట్టాడు. ఉగాది నాడు నూట అరవై ఎనిమిది వేసి, పక్కన "భక్షాలు, రెండు" అని బొబ్బట్ల సంగతి నిజాయితీగా ఒప్పుకున్నాడు. మర్నాడు నూట ముప్పై ఒకటి, ఆ మర్నాడు నూట పదిహేను. రెండు వారాలు నీలం పెన్ను, ఒక వారం నలుపు, పెన్ను దొరకని రోజుల్లో పెన్సిల్. ఏప్రిల్ నెలలో ఒక పసుపు మరక, మే నెలలో ఒక చాయ్ చుక్క. రాస్తూ రాస్తూ తన షుగర్ నిజంగానే తగ్గిందన్న నమ్మకం అతనికే కుదిరిపోయింది. ఆ సంతోషంలో దారిలో హోటల్ దగ్గర ఆగి రెండు మలాయి చాయ్‌లు, నాలుగు బిస్కట్లు లాగించాడు.

డాక్టరు పేరు సృజన్. ముప్పై ఏళ్లు నిండలేదు, ఊరికి వచ్చి ఆరు నెలలైంది. రోగుల దగ్గర కాగితాలు ఉండవన్నది అతని నిత్య దుఃఖం. నీలం పుస్తకం పేజీలు తిప్పుతుంటే అతని ముఖం వెలిగిపోయింది. బెంచీ మీద కూర్చున్న నర్సింలును లోపలికి పిలిచాడు. నర్సింలు ఆటో నడుపుతాడు, అతనిదీ షుగరే.

"చూడు నర్సింలూ, పేషెంట్ అంటే ఇట్లుండాలె. ఒక్కరోజు తప్పలే. పండుగ నాడు తిన్నది గూడ దాచలే."

"నాకు సూది అంటెనే భయం సారూ," అని నర్సింలు మహాదేవప్ప వైపు తిరిగాడు. "అన్నా, నీకో దండమే."

మహాదేవప్ప కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలాడు. డాక్టరు కంటి ఆసుపత్రి కాగితం తీసుకొని పెన్ను మూత విప్పాడు. సరిగ్గా అప్పుడే నర్సు మమత చీటీతో లోపలికి వచ్చింది. బయట కూర్చోబెట్టి వేలు పొడిచింది ఆమే.

"సారూ, పెద్దాయనకు నాలుగువందల పన్నెండు."

డాక్టరు పుస్తకం వైపు చూశాడు, మమత వైపు చూశాడు. "మెషిన్ ఖరాబైనట్టుంది. ఇంకోటి తే."

రెండో మెషిన్ నాలుగువందల ఎనిమిది అంది. చేతికి గిర్ని పిండి అంటుకొని ఉంటుందని డాక్టరు సబ్బుతో కడిగించాడు. మూడో వేలు నాలుగువందల పదిహేను అంది. మమత మూతి బిగించుకొని నిలబడింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నరా?"

"మంచినీళ్లు గూడ ముట్టలే సారూ," అన్నాడు మహాదేవప్ప ధీమాగా.

పెన్నుకు మూత పడింది. ఇక తిట్లు మొదలవుతాయని మహాదేవప్ప సిద్ధమయ్యాడు. కానీ డాక్టరు ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"పొద్దుగాల ఇంట్ల నూట పన్నెండు. ఇప్పుడు నాలుగువందల పదిహేను. మూడు నెలల సంది ఇంత మంచిగున్న మనిషికి ఒక్క పూటల ఇట్లయిందంటే లోపల ఏదో పెద్దదే జరుగుతున్నది. మమతా, ముందు ఈసీజీ!"

ఈసీజీ బాగుంది. "అంటే గుండె గాదు," అన్నాడు డాక్టరు ఇంకా దిగులుగా. ఎక్స్‌రే తీశారు, అదీ బాగుంది. స్కానింగ్ చేశారు, కడుపులో అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఒక్కో రిపోర్టు బాగుందని వస్తున్నకొద్దీ డాక్టరు ముఖం వాడిపోతూ వచ్చింది. ఎక్కడుందో తెలియని రోగం కంటే ప్రమాదం ఏముంటుంది? పన్నెండింటికి గిర్నిలో ఉండాల్సిన మహాదేవప్ప పన్నెండింటికి మంచం మీద, చేతికి సెలైన్‌తో ఉన్నాడు.

"మూడు నెలల సగటు చెప్పే పరీక్షకు రక్తం సంగారెడ్డికి పంపిన. రిపోర్ట్ రేపు సాయంత్రం వస్తది. అందాక ఆగేటట్టు లేదు," అన్నాడు డాక్టరు. "నాలుగింటికి అంబులెన్స్ చెప్పిన. హైదరాబాద్ తీస్కపోవాలె."

కబురు అందిన పార్వతమ్మ తల మీది పిండి కూడా దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చింది. డాక్టరు ఆమె చేతిలో పుస్తకం పెట్టి, మీ ఆయన ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూడమన్నాడు. ఆమె ఒక్కో పేజీ చదివింది. ఉగాది దగ్గర ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది.

"నేను గిర్నికి పోయినంక రోజూ ఇట్ల ఏలు పొడ్సుకున్నవా? ఒక్కనాడన్న చెప్పకపోతివి. నా మాట ఇనవని నేనేమో దినాం తిడితి!"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. మహాదేవప్పకు గుండెలో కలుక్కుమంది. ఈసీజీకి అందని నొప్పి అది.

ఈలోపు ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో చుట్టాలు దిగారు. వాళ్లను తోసుకుంటూ వీరేశ్ వచ్చాడు.

"బావా, నువ్వేం ఫికర్ జెయ్యకు. గిర్ని నేను జూస్కుంట," అంటూ అక్క ముందు చెయ్యి చాపాడు. పార్వతమ్మ కళ్లు తుడుచుకుంటూ నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

మహాదేవప్ప సెలైన్ గొట్టంతో సహా లేచి కూర్చున్నాడు.

"ఆగుండ్రి! నాకేం రోగం లేదు. గా పుస్తకమంత ఝూట్! పొద్దుగాల కూసోని నేనే రాసిన!"

డాక్టరు దగ్గరికొచ్చి, కనురెప్ప ఎత్తి టార్చి వేసి చూశాడు.

"మాట తేడా వస్తున్నది," అన్నాడు మెల్లగా. "షుగర్ ఇంత పెరిగితే మెదడు మీద పడ్తది. మమతా, కేస్ షీట్ల రాయి."

"మెదడు గాదు సారూ, నిజం జెప్తున్న!"

పార్వతమ్మ అతని తల నిమిరింది. "ఉగాదికి నేను భక్షాలు జెయ్యలేదా? నువ్వు తినలేదా? ఆనాడు నూట అరవై ఎనిమిది అని ఉన్నది గద. అబద్ధం ఎట్లయితది?"

"గీ పసుపు మరక జూడన్నా," అన్నాడు పొద్దుటి నుంచీ అక్కడే ఉండిపోయిన నర్సింలు, ఓదార్పుగా. "రోజూ అన్నంల పెట్టిన చెయ్యితోని రాస్తేనే గిట్లయితది."

తన పనితనం మీద మహాదేవప్పకు జీవితంలో మొదటిసారి విరక్తి కలిగింది. బయట అంబులెన్స్ వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. వీరేశ్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇక ఆ ఒక్కటీ దాచి లాభం లేదు.

"సారూ, దండం బెడ్త. ఇయ్యాల్టి తారీఖు ఉన్న పేజీ తిప్పి, దాని ఎనక జూడుండ్రి."

పిచ్చివాడి కోరిక తీర్చినట్టు డాక్టరు పేజీ తిప్పాడు. పైకి చదివాడు.

"మంగళవారం, నూట పధ్నాలుగు." ఆగి గోడమీది క్యాలెండర్ చూశాడు. "ఇయ్యాల సోమవారం గద?"

"అవ్ సారూ."

"బుధవారం, నూట తొమ్మిది. గురువారం, నూట పదిహేడు. శుక్రవారం, నూట ఆరు." డాక్టరు గొంతు సన్నబడింది. శుక్రవారం పక్కన పెన్సిల్‌తో ఇంకో ముక్క ఉంది. "కంటి ఆపరేషన్. మంచిగయింది."

"ఊపుల రాస్కుంట పోయిన సారూ," అన్నాడు మహాదేవప్ప తల దించుకొని. "చెయ్యి ఆగలే."

మొదట నవ్వింది మమత. నవ్వుతూనే కేస్ షీట్ మీద రాసింది కొట్టేసింది. డాక్టరు స్టూలు మీద కూలబడి, అంబులెన్స్‌ను పంపించెయ్యమన్నాడు.

"మూడు రీడింగులు నమ్మలే, నిన్ను గూడ నమ్మలే మమతా. ఈ పుస్తకాన్ని నమ్మిన. తప్పు నాదే." తర్వాత మహాదేవప్ప వైపు తిరిగాడు. "మాత్రలన్న వేస్కుంటున్నరా?"

"యాదికొచ్చినప్పుడు."

"వారానికి ఎన్నిసార్లు యాదికొస్తది?"

మహాదేవప్ప పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"పొద్దుగాల నిజంగ ఏం తినలేదా?"

"రెండు మలాయి చాయ్. నాలుగు బిస్కట్లు."

"ఇట్లుంటే సంతకం పెట్టలేను పెద్దాయనా. ఇంత షుగర్‌తోని కన్ను కోస్తే చీము పట్టొచ్చు. ఉన్న చూపు గూడ పోవచ్చు."

మహాదేవప్ప బింకం మొత్తం జారిపోయింది. "గిర్ని పోతది సారూ. పొద్దున లేస్తే గా చప్పుడు ఇనకపోతే నాకు దినం ఎట్ల గడుస్తది?" అన్నాడు. ఈసారి ఆ మాటలో కల్పన ఏమీ లేదు.

పార్వతమ్మ కన్నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. గొంతు మామూలుగా అయిపోయింది.

"సారూ, ఎట్లయిన మంచం ఎక్కిండు. గురువారం దాక దించకుండ్రి. మందు మీది, తిండి నాది. అప్పటికి షుగర్ దిగితే సంతకం బెడ్తరా?"

డాక్టరు కంటి ఆసుపత్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దిగితే పెడ్త."

తర్వాతి మూడు రోజులు మహాదేవప్ప మరిచిపోదామన్నా మరిచిపోలేడు. పూటపూటకూ ఇన్సులిన్. మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, పాలకూర, అంతే. రాత్రికి ఒకటే రొట్టె. వరండాలో ఇరవై చుట్లు నడక. మమత వేళ్లను అవసరం కంటే రవ్వంత లోతుగానే పొడిచింది, మహాదేవప్ప కిక్కురుమనలేదు. మంగళవారం సాయంత్రం సంగారెడ్డి నుంచి మూడు నెలల సగటు వచ్చింది. డాక్టరు దాన్ని అతని ముఖం ముందు పెట్టి, ఈ పరీక్షకు పసుపు మరక పూయలేమని మాత్రం చెప్పాడు.

అటు గిర్నిలో వీరేశ్ బుధవారం సాయంత్రానికే చేతులెత్తేశాడు. మోటారు పట్టా రెండుసార్లు ఊడింది, డబ్బాల వరస సందు మలుపు దాటింది, వరసలోని ఆడవాళ్లు అతని వంశాన్ని తలుచుకోవడం మొదలుపెట్టారు. తాళంచెవి అక్క చేతిలో పెట్టి కోహీర్ బస్సెక్కాడు. గురువారం పార్వతమ్మ తనే గిర్ని ఆడించి, క్యారియర్ పట్టుకొని దవాఖానకు వచ్చింది. ఆ సాయంత్రం మహాదేవప్ప షుగర్ నూట నలభై ఆరు. డాక్టరు అంకెను రెండుసార్లు చూసి, మమతను ఒకసారి అడిగి, సంతకం పెట్టాడు.

శుక్రవారం ఆపరేషన్ అయింది, శనివారం కట్టు విప్పారు. సోమవారం పొద్దున మహాదేవప్ప కళ్లు తెరిచేసరికి లోకం కడిగి ఆరేసినట్టుంది. గోడమీది బల్లి కాళ్లు కనిపించాయి. పార్వతమ్మ చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు కనిపించాయి. ఆమె తలగడ పక్కనే నిలబడి ఉంది. అటక మీది మీటరు ఆమె చేతికి ఎప్పుడు దిగిందో తెలియదు.

"తాళంచెవి ఇయ్యి. డాక్టర్ సారు కౌంటర్ల కూసొమ్మన్నడు," అన్నాడు.

"ముందు ఏలు ఇయ్యి."

"నిన్న ఒక్క ముక్కనే తిన్న. మైసూర్‌పాక్. నర్సింలు తెచ్చిండు."

"నేనడగలే. ఏలు ఇయ్యి."

మహాదేవప్ప వేలు ఇచ్చాడు. మీటరు కూతపెట్టింది. నూట తొంభై రెండు. అద్దాలు లేకుండానే, మూరెడు దూరం నుంచి, ఒక్కో అంకె తేటతెల్లంగా కనిపించేసరికి ఆపరేషన్ బాగా కుదిరిందని అతనికి పూర్తి నమ్మకం కలిగింది.