అడగకూడని బల్ల

వార్డెన్ వచ్చేలోగా వంటగది అలమారు కడిగేయాలని ముని ఆ ఉదయం అనుకున్నాడు. ముని అన్నది హాస్టల్లో మూడో అంతస్తు వాళ్ళు పెట్టిన పేరు. మనస్తత్వశాస్త్రం చదువుతూ ఏ మనిషితోనూ మాట్లాడని మనిషికి అంతకంటే తగిన పేరు వాళ్ళకి దొరకలేదు.

కడగాలన్న ఆలోచన అతనికి పెద్దక్క వల్ల వచ్చింది. రసాయనశాస్త్రం చదివే పెద్దక్క ఆ అంతస్తు మొత్తానికీ అక్కే, ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళకి కూడా. చెత్తడబ్బా పొంగి మెట్ల మీదకి పాకుతుంటే, మళ్ళీ వచ్చేసరికి ఇలాగే ఉంటే వంటగదికి తాళం వేస్తానని వార్డెన్ హెచ్చరించాడు. అందరూ వార్డెన్ని తిట్టుకున్నారు. పెద్దక్క ఒక్కతే డబ్బాలో ఉన్నదంతా నేల మీద గుమ్మరించి చూసింది. అందులో సగం చెత్తే కాదు. పిడి వదులైన గరిటె, ఒక మూల చిరిగిన దుప్పటి, ఈ గదివాడు పారేస్తే ఆ గదివాడు మర్నాడు కొత్తది కొనుక్కునే సామాను. ఆమె నడవాలో ఒక బల్ల వేయించింది. అక్కర్లేనిది దాని మీద పెట్టాలి, కావలసినవాళ్ళు తీసుకోవాలి. ఎవరిదని అడగకూడదు, ఎవరు తీశారని అడగకూడదు. అడిగితే సిగ్గుపడి ఎవరూ తీసుకోరు.

తను పుస్తకాల్లో వెతుకుతున్న మనిషి మనసు ఈమెకి చెత్తడబ్బాలో దొరికిందని ముని లోలోపలే దణ్ణం పెట్టుకున్నాడు.

కానీ అడక్కపోయినా ఎవరూ తీసుకోలేదు. పెట్టేవాళ్ళే గాని తీసేవాళ్ళు లేరు. అందరికంటే ముందు చెయ్యి చాపడానికి ప్రతివాళ్ళకీ మొహమాటం. సామాను గుట్టపడి ఆ బల్ల ఇంకో చెత్తడబ్బా అయింది. పెద్దక్క రోజూ పొద్దున్నే వచ్చి, దాని మీద దుమ్ము తుడిచి వెళ్ళేది. ఆ తుడవడం చూస్తే మునికి గుండెలో ముల్లు దిగినట్టుండేది. ఇవాళ వంటగది మూతపడితే ఆ బల్లా పోతుంది, ఆమె నమ్మకమూ పోతుంది.

కనీసం అలమారైనా మెరిస్తే వార్డెన్ మెత్తబడతాడేమోనని, అతను అందరి ఉమ్మడి గిన్నెలూ, కుక్కరూ, పెనమూ కిందికి దింపి ఒళ్ళు దాచుకోకుండా తోమాడు. ఆరడానికి వాటిని బల్ల మీద బోర్లించి, అలమారు కడిగే సబ్బుపొడి కోసం కిందికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి బల్ల ఊడ్చిపెట్టినట్టుంది. ఇన్నాళ్ళూ మసితోనే చూసిన గిన్నెల్ని ఎవరూ గుర్తుపట్టలేదు, అంత బాగా తోమాడు. కొత్త సామానని ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఆ చేతిని చూసి మిగతా చేతులకి ధైర్యం వచ్చింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ముని అమ్మని కూడా అడిగి ఎరుగడు. అయినా గుండె చిక్కబట్టుకుని మొదటి తలుపు తట్టాడు. నిద్రమొహం అని పిలిచే కుర్రాడు తలుపు తీశాడు. వెనకాల మంచం మీద కుక్కర్ తళతళలాడుతోంది.

"ఆ కుక్కర్..." అన్నాడు ముని.

"నువ్వు పెట్టిందా అన్నా? అనుకున్నాలే, ఇంత శుభ్రం మనలో ఎవడికుంది? ఊరికే తీసుకుంటే బాగోదు, ఇది ఉంచు," అంటూ వాడు అతని చేతిలో టేబుల్ ల్యాంపు పెట్టి తలుపేసుకున్నాడు.

పక్క గదిలో పెనం అడగబోతే చాప వచ్చింది. గిన్నెలున్న గదిలో నోరు తెరవకముందే, మొహమాటపడకంటూ రెండు దిండ్లు చంకలో దూర్చారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మోయలేక అన్నీ బల్ల మీద దించాడు. చెమట తుడుచుకునేలోగా అవీ పోయాయి, వాటి చోట ఇంకేవో వచ్చాయి, అవీ పోయాయి. నిన్న పారేసిన గొడుగుని ఎవరో డబ్బాలోంచి తీసి, కడిగి పెట్టారు. అది చూసి ఇంకొకరు డబ్బాని అడుగంటా గాలించారు.

అప్పుడే వార్డెన్ తాళంకప్పతో వచ్చాడు. వంటగదిలో ఒక స్టవ్వూ నాలుగు గోడలూ ఉన్నాయి. సామానంతా ఏమైందని అడిగాడు.

ముని ఒక అడుగు ముందుకేశాడు. పెద్దక్క పక్కనే ఉంది. "నేనే సార్. గిన్నెలు బల్ల మీద ఆరబెట్టాను. తీసుకుపోయారు," అన్నాడు. అతను అన్ని మాటలు వరసగా అనడం అంతకుముందు అక్కడెవరూ వినలేదు.

ఆమె మొహంలో కోపం కోసం వెతికాడు. పుస్తకాల్లో చదివిన ఏ లక్షణమూ ఆ మొహానికి కుదరలేదు.

"తీసుకున్నారా?" అంది ఆమె మెల్లగా. "మనవాళ్ళేనా?"

"కుక్కర్ కూడా, అక్కా."

"కుక్కర్ ఎక్కడికి పోతుంది తమ్ముడూ? స్టవ్వు ఇక్కడే ఉందిగా. ఆకలేస్తే అదే నడిచొస్తుంది."

వార్డెన్‌కి ఇందులో ఏదో మోసం ఉందనిపించింది. తాళాన్ని బల్ల మీద పెట్టి, రెండు చేతులా డబ్బాని వంచి తల లోపలికి పెట్టి చూశాడు. అడుగున కాస్త ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు. నమ్మలేక మళ్ళీ చూశాడు. తల బయటికి తీసేసరికి తాళం లేదు.

"నా తాళం ఎవరు తీశారు?"

"అలా అడగకూడదు సార్," అంది పెద్దక్క వినయంగా.

నడవా అంతా నవ్వింది. ముని నవ్వలేదు. జేబు బరువుకి జారుతున్న ప్యాంటుని పట్టుకుని నిలబడ్డాడు.

తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉండిపోయింది. దానితో ఆయనకి ఇక పనిలేదు గనక, ఎప్పుడో ఒకప్పుడు అదీ బల్ల మీదకి రాక తప్పదు.