పద్ధతి ప్రకారం అరెస్టు

ఆ రోజు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నామినేషన్ వేయాలి. ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడింటితో గడువు సరి.

ఆయన పౌరహక్కుల లాయరు. కొత్తపేట చుట్టుపక్కల పోలీసులు ఎవరిని ఎత్తుకెళ్లినా ముప్పై ఏళ్లుగా వెనకాలే వెళ్లి విడిపించుకొస్తున్నారు. అంత మంచిపేరున్న మనిషి ఊరుకోవచ్చు కదా! ఊరుకోకుండా ఇండిపెండెంటుగా ఎమ్మెల్యేకి నిలబడ్డారు.

ఇండిపెండెంటు పేరును పదిమంది ఓటర్లు ప్రతిపాదిస్తూ సంతకాలు చేయాలి. అలా చేసినవాళ్లు ఊళ్లో ఉన్న పార్టీలన్నింటికీ కంట్లో నలుసులవుతారు. అందుకే ఆ పదిమందిని పోగుచేసేసరికి లాయరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున్నే సంతకాలు చేయించేసుకుంటే పోయేది. భార్య భవానీదేవిగారు చేయించనివ్వలేదు.

"వర్జ్యం వెళ్లేక చేయించండి. రాజ్యాంగంలో వర్జ్యం లేదని మాత్రం నాకు చెప్పకండి," అన్నారావిడ.

లాయరుగారు రాజ్యాంగాన్ని కోర్టులో వాడతారు గాని ఇంట్లో వాడరు. సరేనన్నారు.

వర్జ్యం వెళ్లింది, మనుషులు రాలేదు. కాసేపటికి ఆ పదిమందిలో పెద్దతలకాయ, కొబ్బరికాయల వ్యాపారి రాంబాబు, పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

"మీ ఇంటికి ఉత్తినే ఏం వస్తాం అని డప్పులు పెట్టుకుని ఊరేగింపుగా బయల్దేరేమండి. కాలవ వంతెన మీద ఆపేసేరు. పర్మిషన్ లేదంటండి."

"ఊరేగింపు వద్దని చెప్పేనా లేదా?"

"చెప్పేరండి. శాంతియుతంగా గుమిగూడ్డం మన హక్కని మొన్న మీటింగులో చెప్పింది కూడా మీరేనండి."

ముప్పై ఏళ్లలో ప్లీడర్లెవరూ ఆయన నోరు అలా మూయించలేదు. నామినేషన్ కాగితాలు చంకన పెట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తారు.

ఎస్సై భాస్కరరావు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఒకప్పుడు ఎవరినో రాతకోతల్లేకుండా లోపల కూర్చోబెట్టినందుకు లాయరుగారు అతన్ని హైకోర్టు మెట్లెక్కించారు. అప్పటినుంచి నల్లకోటు కనిపిస్తే చాలు, అతను కుర్చీలో కూర్చోలేడు.

"మీ మనుషులని తెలీక తెచ్చేసేరండి మావాళ్లు. తీసుకెళ్లిపోండి సార్. ఏమీ రాసుకోలేదండి, ఆయ్," అన్నాడు.

కథ అక్కడితో కంచికి వెళ్లాలి. కానీ ఏమీ రాసుకోలేదన్న మాట వినగానే లాయరుగారికి ఒళ్లు మండిపోయింది.

"రాసుకోలేదా? పదిమందిని గంటసేపు కూర్చోబెట్టి రాసుకోలేదా? దీన్నేవంటారో తెలుసా? అక్రమ నిర్బంధం! అరెస్టు చేస్తే పద్ధతి ప్రకారం చెయ్యండి, పద్ధతి ప్రకారం వదలండి!"

"అబ్బే, అరెస్టే చెయ్యలేదండి."

"మరెందుకు తెచ్చేరు?"

భాస్కరరావుకి మళ్లీ హైకోర్టు మెట్లు కళ్లముందు ఆడాయి. వెంటనే పదిమందినీ పద్ధతి ప్రకారం అరెస్టు చేశాడు. మనిషికో మెమో రాయించి, పంచాయతీ పెద్దల్ని సాక్షులుగా పిలిపించాడు. లాయరుగారు పక్కనే కుర్చీ వేసుకుని, తప్పులు దిద్దుతూ ఎంతో సంబరపడ్డారు.

బల్లమీద కూర్చున్న రాంబాబు మాత్రం గడియారం చూశాడు.

"లాయరుగారూ, పోనీ ఆ సంతకాలేవో ఇక్కడే గీకేస్తామండి."

"తప్పు! కస్టడీలో ఉన్నవాడి సంతకం స్వేచ్ఛగా చేసింది కాదు. బయటికొచ్చేక చేద్దురుగాని."

తర్వాత వైద్యపరీక్షలన్నారు. పదిమందినీ జీపులో ఆస్పత్రికి తోలారు. అక్కడ లైను చాంతాడంత ఉంది. అరెస్టు సంగతి బంధువులకి తెలియజేయాలి కనక కానిస్టేబులు పది ఇళ్లకీ ఫోన్లు చేశాడు. అది కూడా లాయరుగారు గుర్తు చేసిందే.

రెండు దాటేసరికి ఆయన నామినేషన్ గుర్తొచ్చి గభాల్న లేచారు.

"భాస్కరరావుగారూ, వాళ్లని అటునుంచటే వదిలెయ్యమనండి."

"అమ్మో! డాక్టరు కాగితం రాకుండానా? అక్రమం కాదా అండి?" అన్నాడు భాస్కరరావు, నిజంగా భయపడుతూ.

లాయరుగారు కుర్చీలో కూలబడ్డారు. పాపం, ఆయనకి పదవి మీద మోజు లేదు. ఒక్కసారైనా అసెంబ్లీలో నిలబడి, లాకప్పుల్లో పడేవాళ్ల గోడు చెప్పాలన్నది ఆయన కల. ఆ కల ఆస్పత్రి లైనులో నిలబడిపోయింది.

అంతలో స్టేషన్ ముందు రెండు ఆటోలు ఆగాయి. ఫోన్లు అందుకున్న పదిమంది భార్యలూ దిగారు. వంటల మధ్యలో లేచొచ్చినవాళ్లు కావడంతో ఒకరి చేతిలో గరిటె కూడా ఉంది. అందరికంటే ముందు రాంబాబు భార్య సావిత్రి, వెనకాల విషయం తెలిసి వచ్చిన భవానీదేవిగారు.

"మగాళ్లని విడిపించే లాయరని పేరు గాని, పట్టించేరేంటండీ మీరు?" అని సావిత్రి విరుచుకుపడింది.

లాయరుగారు ఉన్నదంతా చెప్పుకున్నారు. భవానీదేవిగారు ఒక్క నిమిషం ఆలోచించారు.

"ఏవండీ, వీళ్లు మాత్రం ఓటర్లు కారా?"

లాయరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. ఓటర్ల జాబితాలో భర్త పేరు కిందే భార్య పేరు. కాగితంలో రాయాల్సిన ఓటరు నంబర్లు వెతుక్కునే పనే లేదు. కాగితాలు బల్లమీద పరిచారు. సావిత్రి పెన్ను అందుకుని ఆగింది.

"పెడతామండి. కానీ ఓ షరతు. డప్పులు కొట్టుకుంటూ ఊరిమీద పడ్డందుకు మావాళ్లని చీకటి పడేదాకా ఇక్కడే ఉంచాలి. మీరు బెయిలు మాట ఎత్తకూడదు."

"అమ్మా, మనిషి స్వేచ్ఛ అనేది..."

"అయితే వెళ్లొస్తామండి."

"పెట్టండమ్మా, పెట్టండి," అన్నారు లాయరుగారు.

పది సంతకాలూ పడ్డాయి. ఆయన కాగితాలు పట్టుకుని గుమ్మం దాటేసరికి ఆస్పత్రి నుంచి జీపు వచ్చి ఆగింది. భాస్కరరావు డాక్టరు కాగితాలు అందుకుని సంతోషంగా ఎదురొచ్చాడు.

"అన్నీ పద్ధతి ప్రకారం అయిపోయేయి సార్. ఊఁ అనండి, ఇప్పుడే బెయిలిచ్చి పంపించేస్తాను."

"వచ్చేసేమండోయ్!" అని జీపులోంచి రాంబాబు చెయ్యూపాడు.

లాయరుగారు రాంబాబు మొహం చూశారు, సావిత్రి మొహం చూశారు, వాచీ చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"చట్టం తన పని తాను చేసుకుపోతుందండి," అని ఆటో ఎక్కేశారు.

నామినేషన్ గడువులోపే పడింది గాని, ఆయన రాజకీయాల్లోకి వచ్చింది మాత్రం అంతకు కాస్త ముందే, స్టేషన్ గుమ్మం దగ్గరేనని రాంబాబు ఇప్పటికీ అంటాడు.